గవ్వల చారు

బాదేపల్లి మార్కెట్ల పొద్దుగాల
ఖాజా మియా దడువాయి
నా టమాటనొకదాన్ని రెండు వేళ్లతోని ఎత్తి
ఎండకు పెట్టి చూసి
చిట్టి మీద ఏదో గీకిండు.
పదకొండు డబ్బాలల్ల తొమ్మిది పోయినై.
రెండు, మచ్చలున్నయని పక్కకు నూకిండు.
ఆటో కిరాయి పోను, హమాలీ పోను
చేతుల మిగిలింది నేను లెక్కవెట్టుకోలే.
జేబుల ఏస్తే చప్పుడు గూడ కాలే.

మూడొద్దుల సంది జెరం
మా మోక్షితకు.
గంజి ముట్టది, బన్ను ముట్టది.
ఫోన్ల ఎవలో వండంగ చూసిందట:
"నానా, ఎర్ర చారు గావాలె,
అండ్ల సిన్న సిన్న గవ్వలుండాలె."

చౌరస్తల అద్దాల దుకాణంల దొరికినై గవ్వలు.
ప్యాకెట్ నలభై అయిదు.
"ఏం పిండితోని చేస్తరు తమ్మీ?"
"గోధుమ" అన్నడు పిలగాడు, ఫోన్లకెల్లి తలెత్తకుంట.
గుప్పెడు గోధుమపిండిని
గవ్వ లెక్క వంచితే నలభై అయిదు.
నా టమాటను గూడ
ఎవలన్న జరంత వంచితే మంచిగుండు.

శివలీలది పోలేపల్లి కంపెనీల రెండో షిఫ్టు.
పొయ్యి నాదే ఇయ్యాల.
మచ్చలున్నకాడ కత్తితోని గీసి తీసేసిన.
లోపల ఎర్రగనే ఉన్నై.
రేపు ఖాజా మియాకు చెప్పాలె.
ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు,
ఇంత నూనెల మగ్గవెట్టి
పప్పుగుత్తితోని మెదిపిన.
వడగట్టనీకి ఇంట్ల ఉన్నది చాయ జాలొక్కటే.
చెంచెడు చెంచెడు పోసుకుంట
గిన్నె నిండేసరికి
పక్కింటి మొగులమ్మ పాలు పితికి,
పోసొచ్చి, మల్ల ముచ్చటవెట్టి పోయింది.
"చారుల చింతపండెయ్యవా?" అంటది.
"ఎయ్యరట."
"మరి పోపు?"
"అది గూడ ఎయ్యరట."
"గట్లయితే అది జెరమొచ్చినోళ్లకే" అన్నది.

జాలిల మిగిలిన గింజల్ని
కోళ్లకెయ్యబోయి ఒక్క గడియ ఆగిన.
ఇవే గింజలు ప్యాకెట్ల ఉన్నప్పుడు
గ్రాముల లెక్కన కొన్న.
కోళ్లకేం తెలుసు, తిన్నై.

గవ్వలు ఎన్ని ఎయ్యాలెనో ఎవలు చెప్పిండ్రు?
సగం ప్యాకెట్ గుమ్మరిచ్చిన.
మూత తీసి చూస్తే
చారంత తాగి, ఉబ్బి,
సంగటి లెక్క గూసున్నై.
మల్ల కోసిన, మల్ల మగ్గవెట్టిన,
మల్ల చాయ జాలి.
వేరేటివన్ని తక్కువైతయేమో గాని
ఇయ్యాల మా ఇంట్ల టమాటకేం కరువు?

చాయ్ టైముల శివలీల ఫోన్ చేసింది.
"తిన్నదా?"
"వండుతున్న."
"పోయినయా?"
"పోయినై."
ఎన్నికి అని అడగలే ఆమె.
జరసేపు మిషన్ల చప్పుడు.
"యాసంగికేమేద్దం మరి?"
"చూద్దం తీ."

మిరియాల పొడి, ఉప్పు, చిటికెడు చక్కెర.
స్టీలు గిలాసల పోసి
మంచం మీదికి అందిచ్చిన.
మోక్షిత ఊదింది.
ఒక గవ్వను నాలుక మీద పెట్టుకొని
నోరు తెరిచి నాకు చూపెట్టింది.
"ఇండ్ల పురుగుంటదా నానా?"
"ఉండది బిడ్డా, ఇది సముద్రపుది గాదు."
"మరి యాడిది?"
"చౌరస్తది."
నవ్వితే చారు ముక్కులకెల్లి వచ్చింది.
మూడొద్దుల తర్వాత
ఇంట్ల నవ్వు చప్పుడు.

గిలాస సగమే తాగింది. సగమైనా తాగింది.
ప్యాకెట్లకెల్లి నాలుగు పచ్చి గవ్వలు ఏరి
బండల మీద సుద్దముక్కతోని గడులు గీసింది.
అష్టాచెమ్మా.
ఫ్యాను బందు జేయమన్నది,
గవ్వలు ఎగిరిపోతున్నయట.
అవి చింతగింజలంత బరువుండవు గద.

నాలుగు ఎల్లెలుకల పడ్డై ఆమెకు. చెమ్మ!
రెండు కాయలు ఇల్లు జేరినై.
నాది ఒక్కటి గూడ ఇంక గడి దాటలే.
నా వంతు.
గుప్పిట్ల ఊపి ఇడిసిన.
రెండు బోర్ల, ఒకటి ఎల్లెలుకల,
ఒకటి మాత్రం
బండసందుల ఇరికి పక్కకు నిలవడ్డది,
ఇటు గాదు, అటు గాదు.

వంగి చూసింది మోక్షిత,
ఆమె మూతికింక ఎర్రగ అంటుకొనే ఉన్నది.
"లెక్కకు రాదు నానా" అన్నది.
"మల్ల ఎయ్యి."