ఒక మూర బాకీ

సమర్‌ఖండ్‌లో, యూదుల వాడలో,
అబొహాయ్ ఇంటి గోడలకి సుద్ద పూసింది నేనే.
గంచ్ అంటాం మేం దాన్ని.
నీళ్ళు తగిలిన క్షణం నుంచే బిగుసుకోవడం మొదలెడుతుంది,
మనసు మార్చుకునే తీరిక ఇవ్వదు.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.
మా ఉస్తాద్ జ్వరంతో మంచమెక్కితే
మొదటిసారి ఒంటరిగా పట్టిన పని.
దానిమ్మలు చెక్కాను, తీగలు పారించాను,
గూట్లో గూడు తీశాను.
గుమ్మానికి ఎదురుగా మాత్రం
మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు
పచ్చి ఇటుక అలాగే వదిలెయ్యమన్నాడు అబొహాయ్.
మోచెయ్యి గోడకి ఆనించి కొలిచి చూపించాడు.
పట్టుకి రంగులద్దే మనిషి,
నీలిమందు తొట్లలో మునిగీ మునిగీ
మణికట్టు దాకా నీలమైన చేతులు.
వేలికొస తగిలినచోట గోడ మీద చుక్క పడింది.

వదల్లేకపోయాను.
కొత్త చొక్కాకి చిరుగులా కనపడింది.
ఆఖరి సాయంత్రం, ఎవరూ లేనప్పుడు,
ముచ్చటపడి పూడ్చేశాను.
మధ్యలో ఒక దానిమ్మ కూడా.

పొద్దున్నే చూశాడు. తిట్టలేదు.
"బాగుంది" అన్నాడు. నిజంగానే అన్నాడు.
తర్వాత వంటింట్లోంచి చాకు తెచ్చి
గీకడం మొదలెట్టాడు.
నీలం చేతుల మీద తెల్లటి పొడి రాలుతోంది.

"మా గుడి కాలిపోయింది" అన్నాడు గీకుతూనే.
అయ్యో, ఎప్పుడు? అన్నాను.
రాత్రి మంటల వాసనేదీ రాలేదే.
"పద్ధెనిమిది వందల యాభై ఏళ్ళు దాటింది."
టీ తెస్తున్న ఫ్రేహో బీబీ
నవ్వాపుకోలేక పళ్ళెం కింద పెట్టేసింది.

వాళ్ళకొక మాట ఉంది, గెఉలా.
మొదట్లో అది ఆకాశం మాట కాదట, పొలం మాట.
అన్న పేదరికంలో భూమి అమ్ముకుంటే,
భూమి అయిపోయాక తనని తానే అమ్ముకుంటే,
దగ్గరి రక్తంవాడు వచ్చి సొమ్ము కట్టి విడిపించాలి.
దయ కాదు, వాడి మెడకున్న బాధ్యత.
మా వీధిలో దాయాది అంటే గట్టు దగ్గర తగువుకొచ్చేవాడు.
వీళ్ళు దేవుణ్ణే దాయాదిని చేసుకుని కూచున్నారు,
తాకట్టులో ఉన్న జనాన్ని
విడిపించుకోక తప్పనివాడని.

"అయితే నువ్వు స్వర్గానికి పోతావన్నమాట."
"నేనొక్కణ్ణి ఎక్కడికి పోతాను?
నాకు బాకీ ఎగ్గొట్టిన పిన్హాసూ రావాలి,
ప్రార్థన మర్చిపోయిన నా కొడుకూ రావాలి,
దారిలో పోయినవాళ్ళు లేచి రావాలి.
ఒక్కడు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికే."

గుమ్మంలో రూబిన్, టోపీ మీద ఎర్ర నక్షత్రం:
"వచ్చేసింది నాన్నా విడుదల. పూడ్పించెయ్ ఆ గోడ."
అబొహాయ్ కొడుకుని తేరిపార చూశాడు.
"మరి మీ అమ్మ ఇంకా పిండెందుకు దాస్తోంది?"
ఈసారి ఫ్రేహో బీబీ నవ్వలేదు.

ఎప్పుడొస్తుందది? నేనే అడిగాను.
"మాకు అర్హత ఉంటే త్వరగా. లేకపోతే వేళకి."
ఈ రెండిటి మధ్య వాదించుకుంటూ
వాళ్ళ పండితులు ఎన్ని రాత్రుల నూనె తగలేశారో.

కూలి లెక్కలో ఆ మూర తీసేశాను.
ఆయన ఒప్పుకోలేదు.
వెండి నాణెం ఒకటి విడిగా నా అరచేతిలో పెట్టి
"ఇది దానికి. పని తర్వాత చేద్దువుగాని" అన్నాడు.

రూబిన్‌ని ఒక రాత్రి నల్లబండి వచ్చి తీసుకెళ్ళింది.
అబొహాయ్ ఆ మరుసటేడు పోయాడు,
చేతుల నీలం స్నానానికి కూడా వదల్లేదట.
యుద్ధంలో, పిల్లలు ఏడుస్తుంటే,
ఆ నాణెం మఖ్సూద్ దగ్గర తాకట్టు పెట్టి రొట్టె తెచ్చాను.
నాలుగు నెలలకి విడిపించుకున్నాను.
చేతిలోకి తిరిగొచ్చినప్పుడు
చల్లగా ఉంది, ఇదివరకు లేనంత బరువుగా.

గంచ్ ముందుగా కలిపి ఉంచడం కుదరదు.
పొడిని మాత్రం తడి తగలకుండా దాచొచ్చు.
అటక మీద ఒక సంచి ఉంది,
ఏటేటా పాతది పారబోసి కొత్తది నింపుతాను,
ఒక మూరకి సరిపడా.