వన్స్‌మోర్

పర్లాకిమిడిలో నిన్న రాత్రి మందారిక చచ్చిపోయింది.
ఒక్కసారే.

నా కాలంలో అలా కుదిరేది కాదు.
విషం తాగి, వెల్లకిలా ఒరిగి,
చివరి పద్యం చివరి అక్షరం మీద
ఊపిరున్నంతసేపు రాగం సాగదీసి కళ్లు మూస్తే
నేల టిక్కెట్టు లేచి నిలబడేది: వన్స్‌మోర్!
చచ్చినదాన్ని లేచి, సవరం సర్దుకుని,
మళ్లీ పాడి మళ్లీ చచ్చేదాన్ని.
పాతపట్నంలో ఒక రాత్రి నాలుగుసార్లు పోయాను.
గుణుపురం చిన్న రైలు కూత వేస్తే
అది దాటిపోయేదాకా
చావు ఆపుకుని పడుకున్నాను.

చచ్చేదాన్ని అంటున్నాను. అలవాటు.
ఇప్పిలి దాలినాయుడు నా పేరు. మగాణ్ణి. డెబ్బై ఆరేళ్లు.
ఇరవై రెండేళ్లు మందారికని.

మొన్న సుబుద్ధి వారి కుర్రాడొచ్చాడు, తన్మయ్,
భువనేశ్వర్లో నాటకం చదివాడట.
తెరలు వద్దన్నాడు, కిరీటాలు వద్దన్నాడు,
హార్మోనీ అయితే అసలే వద్దన్నాడు.
మరేటి కావాల్రా నీకు అంటే
నేను కూచున్న కుర్చీ వైపు చూశాడు.

ఒక కాలు కుంటుతుంది దానికి.
వేషం కట్టే రాత్రుళ్లు కొమరయ్య కూచునేవాడు అందులో,
నా ఎదురుగా, నా మొహానికి అర్దళం రాస్తూ.
వాడి వేళ్లు బీడీ వాసన.
నా జయసేనుడు.

హాల్లో సగం ఒడియావాళ్లు, సగం మనవాళ్లు.
నల్లగుడ్డ. ఒక బల్బు. నా కుర్చీ.
మూల ఒక్క మద్దెల, అదీ చాలాసేపు నోరు విప్పలేదు.
గేదెల హైమ వచ్చింది, నర్సమ్మ కూతురు,
ఉతికిన నూలు చీర, మెడ బోసి.
నడుం తిప్పదు, ఓరచూపు చూడదు.
ఇదేం మందారిక అని నవ్వబోయాను.
పిల్లకిద్దామని జేబులో కొమ్ము దువ్వెన తెచ్చాను,
నా సవరం దువ్విన దువ్వెన.
దాని తల చూస్తే పోలీసు కటింగు.

పద్యం ఎత్తుకుంది.
రాగం తీయలేదు. ఊరికే చెప్పింది,
వాకిట్లో నిలబడి పక్కింటామెకి చెప్పినట్టు.
ఆరేడు వందలసార్లు పాడాను ఆ పద్యం.
మందారిక అతన్ని రమ్మనడం లేదు,
పొమ్మంటోంది
అని నాకు నిన్న తెలిసింది.

మా వెండి గిన్నెలో రోజా షర్బతు ఉండేది,
తియ్యగా, చల్లగా.
హైమ దోసిలి పట్టింది. ఖాళీ దోసిలి. తాగింది.
నా నాలిక చేదెక్కిపోయింది.
పక్క సీటు బెహరా మేష్టారు,
తెలుగు ముక్క రాని మనిషి,
కండువా నోట్లో కుక్కుకున్నాడు.

పడలేదా పిల్ల.
ఎండల్లో మహేంద్రతనయ తగ్గినట్టు
కొంచెం కొంచెంగా కుర్చీ పక్కన కూలబడింది.
కుంటికాలు టక్కుమంది.
అంతే.

చప్పట్లు లేవు. దగ్గు కూడా లేదు.
ఆ మాట నా గొంతులోకి వచ్చేసింది.
పాట కోసం కాదు.
లే తల్లీ, లేచిరా అని.
ఇన్నేళ్లూ నేల టిక్కెట్టు నన్నడిగింది ఇదేనా?

కొమరయ్యని పాడె మీద పెట్టిన రోజు
కంపెనీ అంతా ఉన్నాం,
తబలా, హార్మోనీ, తెరలాగే అప్పడుతో సహా.
అందరికీ నోటికొచ్చిన మాటే.
ఎవరూ అనలేదు.
నేనూ అనలేదు.

బల్బు ఆరింది.
ఆర్పారో, కరెంటే పోయిందో.

రిక్షాలో కుర్చీ ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
దువ్వెన జేబులోనే ఉంది, తొడకి గుచ్చుకుంటోంది.
ఎలాగుంది బాబూ నాటకం, బైరాగి అడిగాడు తొక్కుతూ.
ఏటీ లేదురా అన్నాను,
కుర్చీ ఒకటుంది.