మూఢంలో మిరపపూవు

మూఢం వచ్చిందంటే
అరండల్‌పేటలో మా స్టూడియో షట్టరు సగమే లేస్తుంది.
పెళ్ళిళ్ళుండవు. ఆల్బమ్ ఎప్పుడిస్తావని అరిచేవాళ్ళుండరు.
ఎదురుగా దండలు కట్టే నాగూరు పగలే నిద్రపోతాడు.
గవర్నరుపేటలో ఎవరో వాడి అమ్మేసిన మాక్రో లెన్సు
అన్నం డబ్బా పక్కన సర్దుకుని
నరసరావుపేట బస్సెక్కి
నేను ఫిరంగిపురంలో దిగుతాను.

ఇరవై రెండేళ్ళుగా మనుషులకు చెబుతున్నవి మూడే మాటలు:
కదలకండి.
కొంచెం తల ఎత్తమ్మా.
బాబాయిగారూ, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి.
అందరూ విన్నారు.
ముహూర్తం దాటిపోతోందని కేకలేస్తున్న పురోహితుడూ విన్నాడు.
మిరపపూవు వినదు.

చిటికెనవేలి గోరంత ఉంటుంది.
తెలుపే గానీ మల్లెలా చూడమని పిలవదు.
ముక్కుపుడక జారిపోయినదానిలా
నేలకేసే చూస్తుంటుంది.
దాని మొహం కావాలంటే
నల్లరేగడిలో వెల్లకిలా పడుకోవాలి.
పడుకున్నాను.

అంత దగ్గరికి వెళితే గాలి వేరే.
నిలబడ్డవాడికి చెమటార్చే పిల్లగాలి
లెన్సులోంచి తుపాను.
పూవు కొట్టుకుపోతుంది,
పచ్చటి మసక, ఓ తెల్లటి గీత, మళ్ళీ ఏమీ లేదు.
ఫోకసు నూలుపోగంత మందం.
ఆ పోగులోకి అది వచ్చి పోయేలోగా
నా వేలు ప్రతిసారీ రవ్వంత ఆలస్యం.
కొమ్మను పట్టుకుని చూశాను.
నా నాడి కొట్టుకోవడం రేకుల్లో కనిపించింది.
వదిలేశాను.

"ఏందయ్యా, ఏం పారేసుకున్నా?"

సాళ్ళ మధ్య రాహేలమ్మ. కౌలు ఆమెది.
పూవుని ఫొటో తీస్తున్నానంటే నవ్వలేదు,
నమ్మనూ లేదు.
కాసేపు నన్నూ, ఊగే కొమ్మనూ చూసి
యూరియా గోతాలు విప్పి కుట్టిన పట్టా తెచ్చి
రెండు చేతులా చాపి
కొండవీడు కొండ కనపడకుండా అడ్డం నిలబడింది.

"మినుములు తూర్పారబోసేటప్పుడు
చేట ఎత్తుకోని గాలి కోసం కాసుకోనుండేవాళ్ళం.
నువ్వేందయ్యా, అది పోవాలని కాసుకున్నా.
దానికీ ఊపిరుంటుద్ది.
ఇసిరి ఇసిరి, మళ్ళా లోపలికి తీసుకుంటుద్ది.
అప్పుడు నొక్కు."

పట్టా పటపటలాడింది.
"ఆగు."
ఆగాను.
"ఆగు... ఇంకా ఉంది... ఆ, ఇప్పుడు."
ఇన్ని పెళ్ళిళ్ళలో
నన్ను ఆగమన్న మనిషి లేదు.

రెండొందల పదకొండింటిలో ఒక్కటి నిలిచింది.
ఆరు రేకులు, బూడిదనీలం కేసరాలు,
పుప్పొడి రవ్వ రవ్వా లెక్కపెట్టుకోవచ్చు.
గొప్పగా తెర ఆమె వైపు తిప్పాను.
పట్టా భుజాన వేసుకుని వంగింది.
పూవుని చూడలేదు.
రేకు మొదట్లో ఒకచోట గోరు ఆనించింది.
నల్లగా, వెంట్రుక తుంపంత.
ఇంటికెళ్ళి చెరిపేద్దామని
నేను అప్పటికే అనుకున్న మచ్చ అది.
చెంప మీది పుట్టుమచ్చలు,
పందిట్లో వెనక నిలబడ్డ అప్పులవాళ్ళు,
ఎన్ని చెరపలేదు!

"తామరపురుగు," అంది.
ఇంటికొచ్చిపోయే చుట్టం పేరు చెప్పినట్టు.
"నల్లది. పోయినేడూ ఇదే."
పక్కనే ఇంకోటి చూపించింది. ఆపైన ఇంకోటి.

"మా తమ్ముడి కొడుకు సెల్లుకి ఎక్కించు.
మందుల కొట్టోడు మామూలు ముడతే అంటన్నాడు.
కళ్ళబడితే గానీ నమ్మడు."

నంబరు నోటితో చెప్పింది, రెండుసార్లు.
సిగ్నలు సరిగా లేదు.
పూవూ పురుగూ కలిసి
తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయి.

లెన్సుకి మూత పెట్టి
వీపున మట్టి దులుపుకుని చూస్తే
ఆమె మళ్ళీ పట్టా ఎత్తి పట్టుకునుంది.
ఇంక తీయనమ్మా, అన్నాను.
"తెలుసులే," అంది.

గాలి గోతాన్ని గుద్ది గుద్ది
అటొకటి ఇటొకటిగా చీలిపోతోంది.
దాని వెనక
పురుగుతో సహా
పూవు కదలకుండా ఉంది.