లోపలి జేబు

డిపోలో ఇచ్చిన కోటు మగమనిషి కొలత.
నలభైరెండు.
నేనూ, నా కూతురూ, ఇంకొక సగం మనిషీ పట్టే కోటు.
ఆరు నెలలు చేతులు మడిచి నెట్టుకొచ్చినా.
మడత జారి వేళ్ళ మీదికి పడితే
టికెట్ మిషను మీద బటన్లు
గుడ్డిదాని మాదిరి తడుముకునేదాన్ని.

పాతూర్లో తుకారామోజీ ఆల్టరేషన్ అంగడి.
తలుపు ఎంత వెడల్పో అంగడీ అంతే.
కుట్టుమిషనూ, ఆయనా, ఆయన కోపమూ పడితే
ఇంక గిరాకీ నిలబడేది మెట్ల మీదనే.

"భుజాలు లోపలికి పట్టప్పా.
చేతులు మూడంగుళాలు తగ్గించు.
జేబుల జోలికి మాత్రం పోవద్దు."
రెండుసార్లు చెప్పినా.
టేపు ఆయన మెడలో ఉండింది, మెడలోనే ఉండిపాయె.
కంటితో పైకీ కిందికీ ఒకసారి కొలిచి
"తెలుసులేమ్మా" అన్నాడు.
నలభై ఏండ్ల అనుభవమంట.
ఆ కంటికి పొర వచ్చిన సంగతి
ఎవరూ చెప్పినట్టు లేదు.

బుధవారం రమ్మన్నాడు. బుధవారం కరెంటు లేదు.
శుక్రవారం ఖాకీ దారం అయిపోయింది.
సోమవారం బామ్మర్ది పెండ్లి.
అన్నాళ్ళూ నైట్ డ్యూటీ చెన్నమ్మక్క కోటు
అడిగి తొడుక్కొని పోయినా.
దాని మీద ఆమె పేరు.
"చెన్నమ్మా, చిల్లర!" అంటాండారు బండిలో,
నేను పలుకుతాండా.

నూటిరవై ఇచ్చి తెచ్చుకున్నా.
తెల్లారుజామున చీకట్లోనే తొడుక్కొని బండెక్కినా.
ఆత్మకూరు కాడ పై కమ్మీ పట్టుకోను చెయ్యెత్తితే
చంక కింద పర్రుమనింది.
నిద్రపోతున్నోళ్ళు కూడా లేసి చూసినారు.
సరే, చినిగేది చినిగిందిలే అని
ఐదొందల నోటు దాద్దామని లోపలికి చెయ్యి పెడితే
జేబు లేదు.
బావి పూడ్చినట్టు
చదునుగా, నున్నగా కుట్టేసినాడు.

ఆ జేబులో ఏముంటాదో చెప్తా వినండి.
పెద్ద నోట్లుంటాయి.
ఎవరికెంత చిల్లర బాకీయో రాసుకున్న చీటీ ఉంటాది.
కొడుకు ఫీజు రసీదు ఒకటి, ఎందుకో తీసెయ్యబుద్ది కాలే.
నెలలో నాలుగు దినాలు
కాగితంలో చుట్టుకున్నది ఒకటి ఉంటాది.
తొమ్మిది గంటల డ్యూటీ,
యాభైమంది మగోళ్ళ నడుమ
దాన్ని యాడ పెట్టుకోవాల?
చిల్లర సంచిలోనా?

పోయి అడిగినా.
"ఆడమనిషికి లోపల జేబెందుకమ్మా,
ఎత్తుగా కనబడతాంటే తీసేసినా.
దానికేం ఎక్స్‌ట్రా తీసుకోలేదు కదా."
మిషను ఆపకుండానే చెప్పినాడు.
ఉపకారం చేసినోని గొంతు.

"నా గుడ్డ నాకియ్యి" అంటి.
పీలికల మూటను కాలితో ఇటు తోసినాడు.
మెట్ల మీద కూచొని వెతికినా.
ఎవరి ప్యాంటు కాళ్ళో, ఎవరి పరికిణీ అంచులో,
పెండ్లికూతురు జాకెట్టుదేమో, జరీ పీలిక ఒకటి,
ఊరంతటి పొట్టిదనం ఆ మూటలో ఉంది.
నా జేబు లేదు.
బండి టైమయింది. లేసొచ్చినా.
దినమంతా నోట్లో మాటలు తిరిగినాయి,
అప్పుడు అనాల్సినవి, ఒకదాని కంటే ఒకటి మంచివి.

రెండు నెలలయింటాది.
చంక కింద నేనే కుట్టుకున్నా, నల్లదారంతో.
లోపల జేబు కూడా కుట్టుకున్నా,
పాత దిండుగలీబు ముక్క, పూలది.

మొన్న కాలేజీ టైముకు ఒక పిల్లోడు ఎక్కినాడు.
నీలం ప్యాంటు.
వెనకపక్క అతికించిన ఖాకీ జేబు.
దాని మూల మీద సిరా మరక,
కుందేలు చెవుల మాదిరి రెండు.
నా పెన్ను కక్కిన మరక నాకు తెలీదా?

"యాడ కుట్టిచ్చినావురా?"
"పాతూర్లోనక్కా. చినిగింటే ఊరికే వేసిచ్చినాడు.
శానా మంచోడు."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో,
డ్రైవరు గంగిరెడ్డన్న రైట్ చెప్పమని హారన్ కొడతాండాడు.
"పాసేదిరా?" అంటి.

వాడు నా జేబులో చెయ్యి పెట్టి
పాసు తీసి
నాకే చూపించినాడు.