రుద్దొద్దు

గడియారం సెంటర్ల సత్తార్ మియా దుకాణం
నిలువు అద్దం బీరువంత.
మల్లె, హీనా, ఊద్, మట్టి అత్తరు
అన్నీ మూతలు తీసి చూపెట్టిండు.
నా ముక్కుకేదీ ఆనలే.
ఆఖరికి గల్లాపెట్టె కిందికెళ్లి
చిటికెన వేలంత సీసా తీసి
"డబల్ కా మీఠా" అన్నడు,
పెండ్లికొడుకు పేరు చెప్పినట్టు.

మణికట్టు మీద ఒక్క చుక్క.
అలవాటుగ రెండో చెయ్యితోటి రాయబోయిన.
"రుద్దొద్దమ్మా. రుద్దితే ఇరిగిపోతది.
దాని దారిన దాన్ని పోనీ."
నూట ఎనభై చెప్పి నూట అరవైకి ఇచ్చిండు.
చిల్లర మాత్రం నా దగ్గర్నే అడిగి తీసుకున్నడు.
కండక్టర్ చిల్లర లేదంటే ఎవరు నమ్ముతరు?

తెల్లారి ఆరున్నర, దేవరకొండ పల్లెవెలుగు.
డిపోల బస్సెక్కినప్పుడు ఒట్టి యాలకులే.
దంచిన రోలు ఇంకా కదులుతున్నట్టు
అంత పచ్చిగ, అంత పదునుగ.
డ్రైవర్ జంగయ్య అద్దంల చూసి
"ఎవరింట్ల దావత్?" అన్నడు.
రైట్ రైట్ అన్న.

కనగల్ రాకముందే యాలకులు దిగిపోయినయి,
నెయ్యి ఎక్కింది.
రొట్టె ముక్కలు ఎర్రగ వేగుతున్న నెయ్యి.
మూడో వరుసల తాత సీటు కిందికి వంగి
సంచులన్నీ జరిపి చూస్తున్నడు.
"ఎవలో మిఠాయి డబ్బ తెచ్చిండ్రు బిడ్డా,
కారుతున్నట్టున్నది, జెర చూడు."
నేను టికెట్ మిషన్‌ల కండ్లు పెట్టిన.
జీరో టికెట్, జీరో టికెట్,
ఒక గుర్రంపోడు, ఒక హాఫ్.

గుర్రంపోడు కాడ ఎండ ముదిరింది.
చెమటల కలిసినంక అది అత్తరు కాదు, నా పెయ్యే.
పాకం అంచుల పట్టి మాడబట్టింది.
డీజిల్ పొగ, బత్తాయి తొక్కలు,
మేకపిల్లను ఒళ్లె పెట్టుకున్న పిలగాడు,
ఇంత రద్దీల అది దిగిపోతదేమో అనుకున్న.
దిగలే. జరిగి కూసున్నది.

నాకు పదేండ్లప్పుడు
వంటమేస్త్రీ యాకూబ్ వెంట
ఫంక్షన్లల్ల గిన్నెలు తోమబోయేది మా అమ్మ.
అమ్మ వెంట నేను.
డబల్ కా మీఠా పందిట్లోళ్లు తినేది.
మాకు దేగిశ అడుగు.
ఇనుప అట్లకాడతోటి గీకితే
నల్లగ, చేదుగ,
చేదు చివర్ల ఇసుమంత పాలు.
నాకు తెలిసిన డబల్ కా మీఠా గదే.
గది సీసాలకు ఎక్కదు అనుకున్న.
ఎవరు ఎక్కిస్తరు, ఎందుకు ఎక్కిస్తరు?

రెండో ట్రిప్పుల, మల్లేపల్లి దాటినంక
మూరెడు దూరం కొట్టిన వాసన
జానెడైంది, బెత్తెడైంది.
ఇగ అయిపోయింది, నూట అరవై బూడిదల పోసిన అని
మణికట్టు ముక్కుకు ఆనిస్తే
అడుగు.
మాడిన అడుగు, దాని కింద పాలు.
స్టేజీ వచ్చినా సీటీ కొట్టుడు మరిచిన.
జంగయ్య తిట్టిండు.

తండా కాడ ఎక్కిన సక్రి
ఆధార్ కార్డు చూపెట్టుకుంటనే నా చెయ్యి పట్టుకున్నది.
మూజూసింది. ఇడవలే.
"ఏం తిన్నవే?"
"ఏం తినలే."
"మరి?"
ఏం చెప్పాలె.
వేళ్లకేమో పదహారేండ్ల నాణేల తుప్పు,
ఏ సబ్బుకూ పోనిది.
జానెడు ఇవతల ఇది.
చెయ్యి ఒక్కటే.
సీసా తీసి ఆమె గాజుల సందుల ఒక చుక్క వంచిన.
కొంగుతోటి తుడవబోయింది.
"రుద్దకు" అన్న.

రాత్రి డిపోల లెక్క కడితే
ఎనిమిది రూపాయలు తక్కువొచ్చింది.
నా చేతి నుంచి పెట్టిన.
క్యాష్ క్లర్కు పది నోట్ల కట్ట లెక్కబెట్టుకుంట
బొటనవేలు నాలికకు తాకించి
ఇరవై మూడు కాడ ఆగిండు.
మళ్ల ఒకటి నుంచి మొదలుపెట్టిండు.