కనబడలేదు

కుతాయిసీలో మంచు వెలిసిన రాత్రి
మూడో అంతస్తు నుంచి ఫోను:
"ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు త్సియూరీ."

పదిహేను నిమిషాలు.
అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బాలో
ఒకే ఒక్క ఎర్ర గీత.
పరీక్ష పనిచేసిందని చెప్పే గీత అది,
అంతే.

ఆ పట్టీకి ఐదుగురు దొంగల మొహాలే తెలుసు.
ఆరోవాడొస్తే
సలాం కొట్టి తలుపు తీస్తుంది.

తేనెటీగలు పెంచే ఓతియా ముసలాయన
నెత్తుట్లో ఎవడు దూరాడో
గాజుపళ్ళెం చెప్పగలదు గానీ
రేపటిదాకా దానికి నోరు పెగలదు.
జ్వరం రేపటిదాకా ఆగదు.

రిపోర్టులో "లేదు" అని రాసింది.
కొట్టేసింది.
"కనబడలేదు" అని రాసింది.
రెండూ ఒకటేగా, విసుక్కున్నాడు డాక్టరు.

పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
పులిసిన పిండి వాసన.
మందుబిళ్ళ చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోట
అంచుదాకా తాపీగా
మేసుకుంటూ వచ్చేసిన మంద.

వణికే వేళ్ళతో ఫోను తిప్పింది.
నర్సు ఎత్తింది:
"మందు రాత్రే మార్చేశాడమ్మా.
నీ కొట్టివేత ఆయన్ని పడుకోనివ్వలేదట."

"మరి జ్వరం?"

కాసేపు ఆగి,
"తగ్గినట్టే
కనబడుతోంది."