తూర్పు హద్దు గెడ్డ

శ్రీకాకుళం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట
రేకుల పంచలో ఒక కాలు కురచైన బల్ల నాది.
అవతలి కొసన మా మేనకోడలు దమయంతి
రేపటి పరీక్షకి ఇంగ్లీషు భాష చరిత్ర
పైకి చదువుతోంది.
ఇవతల నేను, పొందూరు అసిరమ్మ
చెల్లెలి మనవరాలికి ఇచ్చే అరెకరానికి
దానపత్రం రాస్తున్నాను.

సముద్రం దాటి ఫ్రెంచి మాట్లాడే దొరొకడు వచ్చాడట.
పొద్దు గుంకేలోగా అక్కడి రాజు కూలాడట.
ఆనాటి నుంచి కోటలో ఒక మాట, కొట్టంలో ఒక మాట.
దూడని ఈనించిన వాడిది ఊరి మాట,
దాని మాంసం వడ్డించుకున్న వాడిది ఏలిక మాట.
"ఒకే జంతువు మామయ్యా,
గుమ్మం దాటితే పేరు మారిపోద్ది!"

నాకు నవ్వు రాలేదు.
నాగావళి నీళ్ళు తాగినంతసేపూ అది మడి,
ఈ బల్ల మీదకొస్తే జిరాయితీ.
ఊళ్ళో చేసింది అప్పు,
నా కాగితంలో తనఖా.
గుర్రాలెక్కి వచ్చిన ఫౌజుదార్లు పోయారు,
ఓడలెక్కి వచ్చిన కలెక్టర్లు పోయారు,
సత్రంలో సంచులు మర్చిపోయినట్టు
మాటలు నా బల్ల కింద వదిలేసి.
వాటిని పేజీకింత అని అమ్ముకుని
ముగ్గురు పిల్లల్ని చదివించాను.

అక్కడి కోర్టు కాగితాల్లో
ఒకే సంగతికి రెండేసి మాటలట,
దొరకి తెలిసేదొకటి, రైతుకి తెలిసేదొకటి.
నా కలం ఆగింది.
అప్పుడే రాశాను: "ఎట్టి వాదు తకరారు లేకుండా".
వాదన్నా తకరారన్నా తగువే కదా.
ముప్పై ఏళ్ళుగా చేతి అలవాటనుకున్నాను,
ఇద్దరు రాజులకి ఒకేసారి దణ్ణం పెడుతున్నానని తెలీదు.

దమయంతి పేజీ తిప్పింది.
వాళ్ళ పాత పద్యంలో మాటల తలలు కలిసేవట
అచ్చం మన యతిలాగ.
దొరలొచ్చాక తోకలు కలపడం నేర్చుకున్నారట.
కొలువులో కూర్చోబెట్టేవాడు లేక
ఆ భాష వంటిళ్ళలో, దుక్కుల్లో తిరిగి తిరిగి
విభక్తులన్నీ రాల్చుకుందట.
చిరిగిన అంచు కత్తిరించేసి
ఆ చీరే మళ్ళీ కట్టుకున్న మనిషిలాగ
తేలిగ్గా నడిచిందట తర్వాత,
ఇంటి నూలూ పరాయి జరీ కలిపి
కొత్త కావ్యాలు నేసిందట.

మూడు వందల ఏళ్ళు కావస్తుండగా
ఇక కోర్టులో మీ మాటే మాట్లాడుకోండని
చట్టం చేశారట.
ఆ చట్టం మాత్రం ఫ్రెంచిలో రాశారట!
దమయంతి పగలబడి నవ్వింది.
గ్లాసులో టీ తొణికి
స్టాంపు కాగితం అంచుదాకా పాకింది.
"ఏటే అమ్మా, అంత నవ్వు?"
"ఎక్కడో దేశం కతలే అవ్వా."

రాసింది చదివి వినిపించాను.
దఖలు, దాఖలా, సర్వహక్కులు, పుత్రపౌత్ర పారంపర్యం.
మంత్రం విన్నట్టు విని
అసిరమ్మ నెమ్మదిగా అడిగింది:
"నాను సెప్పిన పొలం ఇందల ఏదిరా బావూ?"

తూర్పున ఆమె గెడ్డ అంది.
నేను వాగు అని రాశాను.
నూయి అంది, బావి చేశాను.
గరువుని మెట్ట చేశాను.
ఏ దొరా అడగలేదు నన్ను. నేనే.
కొట్టేశాను మూడూ.
మూడు కొట్టివేతల పక్కనా
మూడు పొట్టి సంతకాలు.
లోపల గుమస్తా విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఆమె బొటనవేలు సిరాలో ముంచి
కాగితం మీద అదిమింది.
గీతలు గీతలుగా తడి.
పక్కన రాశాను, అసిరమ్మ నిశాని.

నిశాని.
దమయంతిని అడుగుదామనుకున్నాను
ఇది ఎవరు వదిలేసిన మాటని.
ఆమె పుస్తకం మూసేసింది.
అసిరమ్మ అప్పటికే
సిరా వేలు తలకి రాసుకుంటూ
పొందూరు బస్సు కోసం రోడ్డు దాటుతోంది.